గ్రాఫిక్స్ కార్డు పాస్‌త్రూ కోసం కంప్యూటర్ కొంటున్నారా? ముందు బోర్డు చూడండి

రోజూ వాడేది లినక్స్. కానీ ఒక గేమో, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరో, త్రీడీ డిజైన్ ప్రోగ్రామో విండోస్ లేనిదే కదలదు. ప్రతిసారీ రీబూట్ చేసి అటు వెళ్ళడం విసుగు. అందుకే లినక్స్ లోపలే విండోస్ వర్చువల్ మెషీన్ పెట్టి, దానికి నిజమైన గ్రాఫిక్స్ కార్డునే అప్పగించేద్దామనుకుంటారు. దీన్నే పాస్‌త్రూ అంటారు. సాఫ్ట్‌వేర్ వైపు దారి ఎప్పుడో పడింది. ఇందుకు కావలసిన వీఎఫ్‌ఐఓ అనే సదుపాయం 2012లోనే 3.6 కెర్నెల్‌తో లినక్స్‌లో చేరింది. చిక్కంతా హార్డ్‌వేర్ దగ్గరే. సెట్టింగ్ తప్పయితే దిద్దుకోవచ్చు, బోర్డు తప్పయితే మళ్ళీ కొనాల్సిందే.

చాలామంది ముందు గ్రాఫిక్స్ కార్డు ఖాయం చేసుకుంటారు, తర్వాత ప్రాసెసర్, చివర్లో మిగిలిన డబ్బుకు ఏ బోర్డు వస్తే అది. మామూలు గేమింగ్ కంప్యూటర్‌కు ఈ వరస చెల్లుతుంది. పాస్‌త్రూకి మాత్రం దీన్ని తిరగేయాలి. కార్డు ఈ రోజు కాకపోతే రేపు మార్చుకోవచ్చు. ఏ స్లాట్ ఏ గ్రూపులో పడుతుందో నిర్ణయించేది బోర్డు, దాని బయాస్. ఆ విభజనను మీరు మార్చలేరు.

## అసలు మీకు కావాలా?

గేముల కోసమే అయితే కాస్త ఆగండి. స్టీమ్‌లోని ప్రోటాన్ పుణ్యమా అని విండోస్ గేముల్లో చాలా భాగం ఇప్పుడు లినక్స్‌లోనే నడుస్తున్నాయి. నడవనివాటిలో పేరున్నవి చాలావరకు కెర్నెల్ స్థాయి యాంటీ-చీట్ ఉన్న ఆన్‌లైన్ గేములు. వీటిలో చాలా వర్చువల్ మెషీన్‌ను కూడా పసిగట్టి తెరుచుకోకుండా ఆగిపోతాయి. వాలరెంట్‌తో వచ్చే వాన్‌గార్డ్ ఆ కోవలోదే. వర్చువల్ మెషీన్‌ను దాచిపెట్టే చిట్కాలు చెప్పేవాళ్ళుంటారు గానీ, అకౌంట్ పోతే తిరిగి రాదు. మీకు కావలసింది అలాంటి గేమే అయితే పాస్‌త్రూ కోసం ఏమీ కొనకండి. ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టి డ్యూయల్ బూట్ చేసుకోవడం నయం.

అడోబీ ప్రోగ్రాములు, సాలిడ్‌వర్క్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్, ప్రోటాన్‌లో మొరాయించే సింగిల్ ప్లేయర్ గేములు, ఇంటి సర్వర్లోని వర్చువల్ మెషీన్‌లో ఏఐ మోడళ్ళు నడపడం: పాస్‌త్రూకి తగిన పనులు ఇవి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది ఐఓఎంఎంయూ, అంటే పరికరాలు తమకిచ్చిన మెమరీ హద్దు దాటకుండా కాపలా కాసే హార్డ్‌వేర్. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అంటుంది, ఏఎండీ ఏఎండీ-వీఐ అంటుంది. గత పదేళ్ళలో వచ్చిన డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో దాదాపు అన్నిట్లోనూ ఉంది కాబట్టి కొత్తది కొనేవాళ్ళకు దిగులు లేదు. పాత ఇంటెల్ కొనేవాళ్ళు మాత్రం చూసుకోవాలి. ఐ7-2600కె, 3770కె, 4770కె లాంటి ఓవర్‌క్లాకింగ్ మోడళ్ళలో వీటీ-డీ తీసేశారు. వాటి కంటే చవకైన మామూలు 4770లో ఉంది, 4770కెలో లేదు!

రెండోది ఐఓఎంఎంయూ గ్రూపులు. అసలు కథ ఇక్కడే ఉంది. కెర్నెల్ పీసీఐఈ పరికరాలన్నిటినీ (స్లాట్లలో పెట్టే కార్డులు, బోర్డు మీది కంట్రోలర్లు) గ్రూపులుగా విడదీస్తుంది. ఒక పరికరం మరో పరికరంతో ఐఓఎంఎంయూ కన్నుగప్పి నేరుగా మాట్లాడుకునే వీలుంటే ఆ రెండూ ఒకే గ్రూపు. గ్రూపు మొత్తం ఒకరికే దక్కాలి, హోస్ట్‌కైనా (బయటి లినక్స్) గెస్ట్‌కైనా (లోపలి వర్చువల్ మెషీన్). ఇది పంపకాలు కాని ఉమ్మడి పొలం లాంటిది, ఒక్క మడిని విడిగా రాసివ్వడం కుదరదు. మీ గ్రాఫిక్స్ కార్డున్న గ్రూపులోనే నెట్‌వర్క్ పోర్టు, సాటా కంట్రోలర్ కూడా ఉన్నాయనుకోండి. కార్డుతో పాటు అవీ గెస్ట్‌కు పోవాలి, అంటే హోస్ట్ తన డిస్క్‌నూ నెట్‌వర్క్‌నూ వదులుకోవాలి.

విడదీయాలంటే మధ్యలో ఉన్న పీసీఐఈ పోర్టులకు ఏసీఎస్ అనే సదుపాయం ఉండాలి. ప్రాసెసర్ నుంచి నేరుగా వచ్చే స్లాట్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్) మీదుగా వచ్చే స్లాట్ల దగ్గరే అంతా ఒక మూటగా కట్టేసి ఉంటుంది. దీనికి ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే ప్యాచ్ ఉంది. అసలు కెర్నెల్‌లోకి దాన్ని ఎన్నడూ తీసుకోలేదు. ప్రాక్స్‌మాక్స్ కెర్నెల్‌లోనూ జెన్ కెర్నెల్‌లోనూ దొరుకుతుంది. అది హార్డ్‌వేర్‌ను విడదీయదు, విడిగా ఉన్నట్టు కెర్నెల్‌ను నమ్మిస్తుంది, అంతే. ఇంట్లో ఒక్కరే వాడుకునే యంత్రంలో చాలామంది ఆ ప్రమాదానికి ఒప్పుకుంటారు. వేరేవాళ్ళ వర్చువల్ మెషీన్లు కూడా నడిపే చోట ఒప్పుకోకూడదు. నా మట్టుకు, ఆ ప్యాచ్ చేతిలో ఉన్న బోర్డుతో సర్దుకోవడానికి పనికొస్తుంది. దాన్ని నమ్ముకుని కొత్త బోర్డు కొనడం దండగ.

మూడోది లేన్లు (స్లాట్లకు డేటా నడిచే దారులు), స్లాట్ల మధ్య దూరం. నాలుగోది హోస్ట్‌కు బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తుందన్నది. ఐదోది రీసెట్: గెస్ట్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కార్డు శుభ్రంగా మొదటి స్థితికి రావాలి, లేకపోతే యంత్రం మొత్తాన్ని రీబూట్ చేయాల్సి వస్తుంది. రీబూట్ తప్పించుకోవడానికేగా ఇదంతా! ఈ మూడింటి గురించి కింద ఎక్కడికక్కడ చెబుతాను.

## బోర్డు వెతికే ముందు లెక్క రాసుకోండి

గెస్ట్‌కు సొంతంగా ఎన్ని పరికరాలు కావాలి? ఈ ఒక్క లెక్క తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే అంటే దాదాపు ఏ కొత్త బోర్డైనా సరిపోతుంది. ప్రాసెసర్ పక్కనుండే మొదటి పెద్ద స్లాట్ ఎప్పుడూ ప్రాసెసర్‌కే కలిపి ఉంటుంది. కార్డు అంటే ఒక్క పరికరం కాదన్నది గుర్తుంచుకోండి. హెచ్‌డీఎంఐ ఆడియో దానిలోనే ఇంకో పరికరంగా కనిపిస్తుంది. ఎన్వీడియా ఆర్‌టీఎక్స్ 20 సీరీస్‌లో యూఎస్‌బీ-సీ పోర్టున్న కార్డులు ఏకంగా నాలుగు పరికరాలుగా కనిపిస్తాయి. అన్నీ కలిసే గెస్ట్‌కు పోవాలి, అందులో ఇబ్బందేమీ లేదు.

కార్డుతో పాటు ఒక ఎన్‌వీఎంఈ (ఎం.2 స్లాట్‌లో పెట్టే వేగమైన ఎస్‌ఎస్‌డీ) కూడా ఇవ్వాలంటే ప్రాసెసర్‌కు నేరుగా కలిసిన ఎం.2 స్లాట్ ఏదో మాన్యువల్‌లో చూసుకోవాలి. కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ అప్పటికప్పుడు పెట్టి తీసేలా ఉండాలంటే ఒక యూఎస్‌బీ కంట్రోలర్ మొత్తాన్ని ఇవ్వాలి. ఒక్కో యూఎస్‌బీ పరికరాన్ని విడిగా పంపొచ్చు గానీ వీఆర్ హెడ్‌సెట్లకూ సౌండ్ పరికరాలకూ అది నప్పదు. ఇక రెండు వర్చువల్ మెషీన్లకు రెండు కార్డులంటే మామూలు బోర్డుల్లో చాలా భాగం ఇక్కడే రాలిపోతాయి.

## ప్లాట్‌ఫారాలు ఒక్కొక్కటిగా

ముందు ఒక చూపులో (ఏఎం4, ఏఎం5 అంటే ఏఎండీ ప్రాసెసర్ సాకెట్లు, ఎక్స్570, బీ550 అంటే బోర్డు చిప్‌సెట్లు, జీ, ఎఫ్ అంటే ప్రాసెసర్ పేరు చివరి అక్షరాలు):

| ప్లాట్‌ఫారం | ప్రాసెసర్ లేన్లు | హోస్ట్‌కు సొంత గ్రాఫిక్స్ | చిప్‌సెట్ గ్రూపులు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఏఎం4, ఎక్స్570 | 24, పీసీఐఈ 4.0 | జీ మోడళ్ళలోనే | బాగా విడిగా | పాతవి కొని రెండు కార్డులు పెట్టేవాళ్ళకు |
| ఏఎం4, బీ550 | 24, పీసీఐఈ 4.0 | జీ మోడళ్ళలోనే | ఎక్కువగా ఒకే మూట | తక్కువ ఖర్చు, ఒక్క కార్డు |
| ఏఎం5 | 28, పీసీఐఈ 5.0 | ఎఫ్ లేనివాటిలో ఉంటుంది | బోర్డును బట్టి | కొత్తగా కొనే చాలామందికి |
| ఇంటెల్ 12–14 తరాలు | 20 (5.0 లేన్లు 16, 4.0 లేన్లు 4) | ఎఫ్ లేనివాటిలో ఉంటుంది | సాధారణంగా విడిగా | చిప్‌సెట్ స్లాట్లు కూడా వాడేవాళ్ళకు |
| పాత జియాన్ వర్క్‌స్టేషన్ | 40, పీసీఐఈ 3.0 | ఉండదు | విడిగా | ఎక్కువ కార్డులు, ఓపిక ఉన్నవాళ్ళకు |

### ఏఎం4: ఇంకా ఊపిరున్న పాత కాపు

2019లో వచ్చిన ఎక్స్570కు పాస్‌త్రూ చేసేవాళ్ళలో మంచి పేరుంది. చిప్‌సెట్ వెనకున్న స్లాట్లు, కంట్రోలర్లు చాలావరకు వేరువేరు గ్రూపుల్లో పడతాయి. చిప్‌సెట్ మీద చిన్న ఫ్యాన్ ఉంటుంది, సెకండ్ హ్యాండ్ కొంటే అది తిరుగుతోందో లేదో వినండి. 2020లో వచ్చిన బీ550లో మొదటి స్లాట్, మొదటి ఎం.2 ప్రాసెసర్‌వే కాబట్టి శుభ్రంగా ఉంటాయి. మిగతావన్నీ తరచుగా ఒకే పెద్ద గ్రూపు. ఒక్క కార్డు, ఒక్క ఎన్‌వీఎంఈ మించి ఇవ్వనంటే బీ550 చాలు, ఎక్స్570 వెంట పడక్కర్లేదు.

ఏఎం4 అసలు లోటు వేరే ఉంది. రైజెన్ 5600, 5800ఎక్స్ లాంటి మంచి ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ లేదు. హోస్ట్ కోసం ఇంకో కార్డు పెట్టాలి, దానికి ఇంకో స్లాట్ కావాలి. 5600జీ, 5700జీ తీసుకుంటే సొంత గ్రాఫిక్స్ వస్తుంది గానీ ఎల్3 క్యాష్ 32 ఎంబీ నుంచి 16 ఎంబీకి పడిపోతుంది, పీసీఐఈ కూడా 3.0కే ఆగిపోతుంది. గేములకు ఆ క్యాష్ లోటు తెలుస్తుంది. ఎడిటింగ్, డిజైన్ పనులకు అంతగా తెలియదు.

బయాస్ అప్‌డేట్ గురించి ఒక మాట. 2019లో కొన్ని ఏఎం4 బోర్డుల్లో కొత్త బయాస్ వేసుకున్నాక పాస్‌త్రూ పనిచేయకుండా పోయింది, సరిచేసిన బయాస్ వచ్చేదాకా జనం పాతదానికి వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. అంతా నడుస్తున్న యంత్రంలో ఊరికే బయాస్ మార్చకండి.

### ఏఎం5: కొత్తగా కొంటే నా మొదటి ఓటు దీనికే

2022లో వచ్చిన ఈ ప్లాట్‌ఫారంలో ఏఎండీ రైజెన్ 7000 నుంచి మామూలు ప్రాసెసర్లకు కూడా చిన్న సొంత గ్రాఫిక్స్ ఇచ్చింది. గేములాడే శక్తి దానికి లేదు. హోస్ట్ డెస్క్‌టాప్ చూపించడానికి మాత్రం నిశ్చింతగా సరిపోతుంది, కావలసిందీ అంతే. దాంతో మొదటి స్లాట్ పూర్తిగా గెస్ట్‌కు మిగులుతుంది, రెండో కార్డు గొడవే ఉండదు. 7500ఎఫ్ లాంటి ఎఫ్ మోడళ్ళలో ఇది లేదు, పొరపాటున అవి తీసుకోకండి.

8000జీ సీరీస్ దగ్గర ఇంకో వల ఉంది. సొంత గ్రాఫిక్స్ బలంగా ఉంది కదా అని 8700జీ తీసుకుంటే పెద్ద స్లాట్‌కు 8 లేన్లే అందుతాయి. 8500జీ అయితే నాలుగే. కార్డును గెస్ట్‌కు ఇచ్చేవాళ్ళకు ఇది నష్టబేరం.

28 లేన్లలో నాలుగు చిప్‌సెట్‌కు పోతాయి. మిగిలిన 24లో 16 పెద్ద స్లాట్‌కు, ఎనిమిది ఎం.2లకు అని లెక్క. యూఎస్‌బీ4 ఉన్న బోర్డుల్లో దాని కంట్రోలర్ ఆ ఎనిమిదిలో నాలుగింటిని పంచుకోవచ్చు. ఎక్స్870 బోర్డుల్లో యూఎస్‌బీ4 తప్పనిసరి కాబట్టి మాన్యువల్‌లోని లేన్ల పటం చూడకుండా కొనకండి. బీ650 బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ స్లాట్ ఒక్కటే. పొడుగ్గా కనిపించే రెండో స్లాట్ లోపల చూస్తే చిప్‌సెట్ నుంచి వచ్చే నాలుగు లేన్లే ఉంటాయి. రెండు కార్డులకూ ప్రాసెసర్ లేన్లే కావాలంటే పెద్ద స్లాట్‌ను 8, 8గా చీల్చే బోర్డు కావాలి. ఎక్స్670ఈ, ఎక్స్870ఈల్లో కొన్నిటికే ఆ సదుపాయం ఉంది.

7950ఎక్స్3డీ లాంటి రెండు చిప్లెట్ల ప్రాసెసర్లు పాస్‌త్రూకి చక్కగా నప్పుతాయి. అదనపు క్యాష్ ఉన్న ఎనిమిది కోర్లను గెస్ట్‌కు పిన్ చేసి (అంటే దానికే కట్టేసి), మిగతా ఎనిమిదీ హోస్ట్‌కు వదిలేయొచ్చు. క్యాష్ కోసం ఇద్దరూ పోట్లాడుకోరు.

### ఇంటెల్ 12, 13, 14 తరాలు

చిప్‌సెట్ వెనకున్న స్లాట్లకు కూడా విడి గ్రూపులు దొరకడం ఇంటెల్ బలం. ఆ పోర్టుల కోసం లినక్స్ కెర్నెల్‌లోనే ప్రత్యేకంగా సర్దుబాట్లు రాసి పెట్టారు. యూఎస్‌బీ కార్డు, నెట్‌వర్క్ కార్డు, ఇంకో ఎన్‌వీఎంఈ అంటూ చిన్నచిన్నవి ఎక్కువగా గెస్ట్‌కు ఇచ్చేవాళ్ళకు ఇది కలిసొస్తుంది. సొంత గ్రాఫిక్స్ కూడా వీడియో ఎన్‌కోడింగ్ బాగా చేస్తుంది.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. ప్రాసెసర్ స్లాట్‌ను 8, 8గా చీల్చడం జెడ్690, జెడ్790 లాంటి పై చిప్‌సెట్లకే పరిమితం, బీ660, బీ760లకు ఆ వీలు లేదు. పాత కోర్ తరాల్లో అలా చీల్చినా రెండు స్లాట్లూ ఒకే గ్రూపులో పడేవి, ఎందుకంటే ఆ ప్రాసెసర్ పోర్టులకు ఏసీఎస్ లేదు. కాబట్టి రెండు కార్డుల ఆలోచన ఉంటే అచ్చంగా అదే బోర్డు వాడుతున్నవాళ్ళు పెట్టిన గ్రూపుల జాబితా చూశాకే అడుగేయండి.

పీ-కోర్లు (వేగమైనవి), ఈ-కోర్లు (కరెంటు పొదుపు చేసే చిన్నవి) కలగలిసి ఉండటం ఇంకో తలనొప్పి. వర్చువల్ మెషీన్ లోపలి విండోస్‌కు ఏది ఏ కోరో తెలియదు. పీ-కోర్లను మాత్రమే గెస్ట్‌కు పిన్ చేసి, ఈ-కోర్లను హోస్ట్‌కు ఉంచితే ఆ సమస్య తీరడమే కాదు, పని విభజన కూడా బాగా కుదురుతుంది. ఐ5-13600కెలో ఆరు పీ-కోర్లు, ఎనిమిది ఈ-కోర్లు ఉన్నాయి, సరిగ్గా ఇలాంటి పంపకానికి కొలిచి చేసినట్టుంటుంది.

13, 14 తరాల పెద్ద మోడళ్ళు క్రాష్ అవుతున్నాయన్న సంగతి 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుని, మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ రెండేళ్ళు పెంచింది. అప్‌డేట్ ఇక ముందు పాడవకుండా ఆపుతుందే తప్ప అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. సెకండ్ హ్యాండ్‌లో 13900కె, 14900కె మీద నేనైతే చేయి వేయను. 12వ తరానికి ఈ బెడద లేదు.

2024 చివర్లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్‌లో ప్రాసెసర్ లేన్లు 24కు పెరిగాయి, హైపర్‌త్రెడింగ్ పోయింది. ఎంపిక సూత్రాలు అవే.

### పాత వర్క్‌స్టేషన్లు

ఆఫీసులు వదిలించుకున్న హెచ్‌పీ జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810 లాంటివి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి. వీటిలో ఉండే జియాన్ ఈ5 వీ3, వీ4 ప్రాసెసర్లకు ఒక్కోదానికి 40 లేన్లు, నాలుగు చానళ్ళ ఈసీసీ డీడీఆర్4 మెమరీ. స్లాట్లు అన్నీ నిజంగా స్లాట్లే, గ్రూపులు కూడా శుభ్రం. రెండు మూడు కార్డులు పెట్టి ఇంటి సర్వర్ నడపాలంటే ఇంత తక్కువలో ఇన్ని లేన్లు ఇంకెక్కడా రావు.

బదులుగా ఇచ్చుకోవాల్సింది వేగం. ఈ5-2680 వీ4లో 14 కోర్లున్నా టర్బోలో కూడా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు. గేముల్లో కొత్త ఐ5 ముందు ఇది నిలవదు. గేములు కూడా ఉంటే కోర్లు తగ్గినా 4 గిగాహెర్ట్జ్ వరకు వెళ్ళే ఈ5-1650 వీ4 తీసుకోండి. ఖాళీగా ఉన్నా కరెంటు బాగానే తాగుతాయి. పవర్ సప్లై ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, పెద్దది కావాలంటే బయట దొరికేది పట్టదు. కాబట్టి కార్డు ఎంత వాట్లు లాగుతుందో, ఏ కనెక్టర్ కావాలో ముందే చూసుకోవాలి. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) సాధారణంగా ఉండదు, ఇంటెల్ ఆర్క్ కార్డుకు ఇది పెద్ద లోటు.

థ్రెడ్‌రిప్పర్, ఎపిక్ కూడా ఇదే దారిలో పై మెట్లు. ఎపిక్ 7002 సీరీస్‌లో 128 లేన్లుంటాయి. ఇంట్లో ఒక్క విండోస్ మెషీన్ కోసం అంత అక్కర్లేదు.

ల్యాప్‌టాప్‌లను వదిలేయడం మేలు. చాలావాటిలో స్క్రీన్ సొంత గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది, విడి కార్డును గెస్ట్‌కు ఇచ్చినా బొమ్మ బయటికి రావడానికి నానా తిప్పలు పడాలి.

## గెస్ట్‌కు ఏ కార్డు

ఎన్వీడియా. ఒకప్పుడు జీఫోర్స్ డ్రైవర్ వర్చువల్ మెషీన్‌ను గుర్తించి కోడ్ 43 అనే ఎర్రర్ చూపించి ఆగిపోయేది. 2021లో 465 డ్రైవర్‌తో ఎన్వీడియానే ఆ అడ్డు తీసేసింది. పాత వ్యాసాల్లో కనిపించే దాపరికపు సెట్టింగులు ఇప్పుడు చాలావరకు అనవసరం. రీసెట్ విషయంలో 10 నుంచి 40 సీరీస్ వరకు నమ్మకంగా ఉంటాయి. 5090 మీద 2025లో రీసెట్ ఫిర్యాదులు వచ్చాయి, కొనేముందు తాజా పరిస్థితి చూసుకోండి. లినక్స్ డ్రైవర్ గొడవలు ఇక్కడ లెక్కలోకి రావు, ఎందుకంటే కార్డు వాడేది విండోస్.

ఏఎండీ. రీసెట్ బగ్ అనే మాట పుట్టిందే ఇక్కడ. పొలారిస్ (ఆర్‌ఎక్స్ 400, 500), వేగా, ఆర్‌ఎక్స్ 5000 కార్డులు గెస్ట్ ఒకసారి ఆగాక మళ్ళీ లేవకుండా మొండికేస్తాయి. వెండర్-రీసెట్ అనే విడి కెర్నెల్ మాడ్యూల్ చాలావాటికి మందు, కానీ కెర్నెల్ మారినప్పుడల్లా దాన్ని కూడా సరిచూసుకుంటూ ఉండాలి. ఆర్‌ఎక్స్ 6000 సీరీస్‌తో ఈ బాధ చాలావరకు తీరింది. 7000 సీరీస్ మీద మాత్రం వాడేవాళ్ళ మాట ఒక్క తీరుగా లేదు. ఏఎండీయే కావాలంటే 6000 సీరీస్ తీసుకోండి. పాత ఆర్‌ఎక్స్ 580 పారేయక్కర్లేదు, లినక్స్ డ్రైవర్ మేలైనది కాబట్టి హోస్ట్ వైపు పెట్టండి.

ఇంటెల్ ఆర్క్. రీసైజబుల్ బార్ ఉన్న కొత్త బోర్డులోనే ఆలోచించండి. అది గెస్ట్ వరకూ అందకపోతే కార్డు వేగం బాగా పడిపోతుంది. మొదటిసారి పాస్‌త్రూ చేస్తున్నవాళ్ళకు నేను చెప్పే కార్డు కాదు.

8 లేన్ల స్లాట్‌లో పెట్టాల్సి వస్తుందని బెంగపడేవాళ్ళకు: ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600 లాంటి కార్డులు ఎలాగూ ఎనిమిది లేన్లే వాడతాయి. పీసీఐఈ 4.0 బోర్డులో వాటికి పోయేదేమీ లేదు. పీసీఐఈ 3.0 బోర్డులో మాత్రం అవే ఎనిమిది లేన్లు సగం వేగానికి పడిపోతాయి, పాత వర్క్‌స్టేషన్‌లో ఈ కార్డులు పెట్టేవాళ్ళు గమనించాలి.

## హోస్ట్‌కు బొమ్మ ఎక్కణ్ణుంచి?

మూడు దారులున్నాయి. ప్రాసెసర్ సొంత గ్రాఫిక్స్ అన్నిటికంటే సులువు, నా సిఫార్సు అదే. రెండో దారి ఇంకో చిన్న కార్డు. ఇక్కడ బయాస్‌లో ఒక ఆప్షన్ చాలా ముఖ్యం: బూట్ సమయంలో ఏ స్లాట్ కార్డు మీద బొమ్మ రావాలో ఎంచుకునే వీలు. గిగాబైట్ బోర్డుల్లో చాలావాటికి ఇది ఇనిషియల్ డిస్‌ప్లే అవుట్‌పుట్ పేరుతో ఉంటుంది. ఈ ఆప్షన్ లేని బోర్డులు మొదటి స్లాట్‌లోని కార్డునే పట్టుకుంటాయి, సరిగ్గా మీరు గెస్ట్‌కు ఇవ్వాలనుకున్నదాన్నే. ఇప్పటి పెద్ద కార్డులు మూడు స్లాట్ల మందం ఉంటాయి కాబట్టి రెండో కార్డుకు చోటు మిగులుతుందా అని బోర్డు ఫొటో మీద కొలుచుకోవాలి.

మూడో దారి ఒకే కార్డుతో నెట్టుకురావడం. గెస్ట్ మొదలైనప్పుడు లినక్స్ డెస్క్‌టాప్‌ను ఆపేసి, కార్డు విడిపించి, అటు ఇచ్చే స్క్రిప్టులున్నాయి. అప్పుడు హోస్ట్‌కు తెరే ఉండదు. ఏదైనా బెడిసికొడితే ఇంకో కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్ళాలి. డెస్క్‌టాప్ మూయక తప్పనప్పుడు డ్యూయల్ బూట్‌కూ దీనికీ పెద్ద తేడా లేదనే అంటాను.

లుకింగ్ గ్లాస్ అనే ప్రోగ్రాం వాడి గెస్ట్ తెరను లినక్స్ కిటికీలోనే చూడాలనుకునేవాళ్ళు గెస్ట్ కార్డుకు మానిటర్ రెండో ఇన్‌పుటో, చిన్న డమ్మీ ప్లగ్గో తగిలించాలి. ఏదీ తగలకపోతే విండోస్ తెర గీయదు.

## మెమరీ, డిస్క్, కోర్లు

మెమరీ దగ్గర పొదుపు చేయకండి. పాస్‌త్రూ ఉన్న గెస్ట్‌కు కేటాయించిన మెమరీ మొత్తం మొదలుపెట్టిన క్షణంలోనే బిగించి పెట్టేస్తారు, ఎందుకంటే కార్డు ఎప్పుడు ఏ భాగాన్ని నేరుగా తాకుతుందో హోస్ట్‌కు తెలియదు. కొంత ఇచ్చి కొంత వెనక్కి తీసుకునే బెలూనింగ్ ఇక్కడ పనిచేయదు. గెస్ట్‌కు 16 జీబీ అంటే హోస్ట్‌కు ఆ 16 జీబీ లేనట్టే. 32 జీబీ కనీసం, ఎడిటింగ్ చేసేవాళ్ళకు 64.

కోర్లు ఎనిమిది ఉంటే ఆరు గెస్ట్‌కు, రెండు హోస్ట్‌కు బాగా నడుస్తుంది. ఆరు కోర్లతోనూ నడుస్తుంది గానీ హోస్ట్‌లో ఏదైనా కంపైల్ పెడితే గెస్ట్‌లో గేమ్ తడబడుతుంది. డిస్క్‌కు విడి ఎన్‌వీఎంఈ ఇస్తే అదే విండోస్‌ను అవసరమైతే నేరుగా కూడా బూట్ చేసుకోవచ్చు. ఆ సౌలభ్యం అక్కర్లేకపోతే వర్టియో డిస్క్ (హోస్ట్ గెస్ట్‌కు చూపించే వర్చువల్ డిస్క్) చాలు.

## మీరు ఏ కోవలో ఉన్నారు?

కొత్తగా కొంటున్నారు, ఒక్క గెస్ట్, ఒక్క కార్డు: ఎఫ్ లేని ఏఎం5 ఎనిమిది కోర్ల ప్రాసెసర్, మామూలు బీ650 బోర్డు, 32 జీబీ, ఎన్వీడియా 40 సీరీస్ కార్డు. ఖరీదైన చిప్‌సెట్ కోసం డబ్బు పోయకండి, దాన్ని మెమరీలో పెట్టండి.

ఇప్పటికే ఏఎం4 ఉంది: ఏమీ మార్చకముందు గ్రూపులు చూడండి. మొదటి స్లాట్ విడిగా ఉంటే, రెండో స్లాట్‌లో హోస్ట్ కోసం ఒక చిన్న కార్డు పెడితే సరి. హోస్ట్ కార్డు చిప్‌సెట్ మూటలో పడినా నష్టం లేదు, ఆ మూట అంతా ఎలాగూ హోస్ట్‌దే. చాలామంది ఈ సంగతి గమనించక బీ550 పనికిరాదని అమ్మేసుకుంటారు.

ఎడిటింగ్, డిజైన్ పని, పరికరాలు ఎక్కువ: ఇంటెల్ 12వ తరం లేదా ఆ తర్వాతి ఐ5, ఐ7, ఎఫ్ లేనివి. చిప్‌సెట్ స్లాట్లలో యూఎస్‌బీ కార్డు పెట్టి దాన్ని గెస్ట్‌కు ఇచ్చేయండి.

రెండు గెస్టులు, రెండు కార్డులు: 8, 8గా చీల్చే ఏఎం5 బోర్డు ఒక దారి, వేగం తగ్గినా ఫర్వాలేదంటే జియాన్ వర్క్‌స్టేషన్ ఇంకో దారి. మొదటిదానిలో సందు తక్కువ, వేడి ఎక్కువ. రెండోదానిలో కరెంటు, చప్పుడు. ఇరవై నాలుగు గంటలూ నడిచే యంత్రమైతే మొదటిదే, వారాంతాల్లో వేసేదైతే రెండోది.

ప్రయోగం చేసి చూద్దామనుకునేవాళ్ళు కొత్తగా ఏమీ కొనకండి. ఉన్న యంత్రంలో బయాస్‌లో ఐఓఎంఎంయూ ఆన్ చేసి, ఏ లినక్స్ లైవ్ యూఎస్‌బీతోనైనా బూట్ చేస్తే గ్రూపుల జాబితా కనిపిస్తుంది. బయాస్‌లో ఆన్ చేసినా జాబితా ఖాళీగా ఉంటే బూట్ మెనూలో కెర్నెల్ లైనుకు ఐఓఎంఎంయూ ఆప్షన్ జతచేసి మళ్ళీ చూడండి, ఇంటెల్ యంత్రాల్లో తరచూ ఇది కావాల్సి వస్తుంది.

కొత్త బోర్డు ఇంటికొచ్చాక కూడా ఇదే పని మొదట చేయండి. తిరిగిచ్చే గడువు ఉండగానే కార్డు బిగించి, లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, గ్రూపులు చూసి, బయాస్‌లో డిస్‌ప్లే ఆప్షన్, అబవ్ 4జీ డీకోడింగ్ (ఎక్కువ మెమరీ ఉన్న కార్డులకు కావలసిన ఆప్షన్) ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఒక గెస్ట్‌ను తాత్కాలికంగా పెట్టి మూడు నాలుగుసార్లు ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. మొదటిసారి అన్ని కార్డులూ లేస్తాయి, రీసెట్ సంగతి తేలేది రెండోసారే. అది కూడా అయ్యాకే అట్టపెట్టెలు పారేయండి.